కలివెపొదలో తెల్లడబ్బా

ఆ సోమవారం ఉదయం కమలాపురంలో ఎరువుల అంగడి నడిపే బాలసుబ్రహ్మణ్యం, ఊరిబయటి బీడును జేసీబీ మిషనుతో చదును చేయించి బత్తాయి తోట వేయాలనుకున్నాడు. బీడు మాత్రం ఆయన భార్య ప్రమీలమ్మది, పుట్టింటివాళ్లు రాసిచ్చింది. ఏటేటా ఎండలు ముదురుతుంటే పొదలున్న నేల ఎంత చల్లగా ఉంటుందో, ఆ నీడన ఏ పిట్టలు బతుకుతాయో ఉదయశ్రీ అనే పరిశోధక విద్యార్థిని ప్రమీలమ్మ అనుమతితో అక్కడ రెండేళ్లుగా లెక్కగడుతోంది. వేడిని కొలిచే యంత్రాలను చిల్లులు పెట్టిన తెల్లడబ్బాల్లో అమర్చి పొదల్లో వేలాడదీసింది.

"ముళ్లకంపకు కాపలా ఏందే? జనం నవ్వుతాండారు," అన్నాడు బాలసుబ్రహ్మణ్యం కాఫీ తాగుతూ.

"నవ్వనీండి. నా బీడులో మిషను దిగిందంటే దాని ముందర పండుకుంటా," అంది ప్రమీలమ్మ.

ఆయన అంగడికని బయల్దేరి, నేరుగా బీడుకు పోయాడు.

డ్రైవరు గాబ్రియేలు మొదటి కలివెపొద దగ్గరే మిషను ఆపేశాడు. పొద లోపల తెల్లడబ్బా, దాన్నుంచి వేలాడుతున్న వైరు. తాళంచెవి కూడా తీయకుండా కిందికి దూకి పరుగెత్తాడు.

"బాంబుండాదప్పో!"

ఆ కేక రోడ్డెక్కేసరికి ఒక డబ్బా పది డబ్బాలయింది. బస్టాండు చేరేసరికి బాలసుబ్రహ్మణ్యం ఎవరినో లేపేయడానికి బాంబులు దాచాడని తేలిపోయింది. అంగళ్లు మూతపడ్డాయి. జీపులో ఎస్సై వచ్చాడు. నాటుబాంబును ముంచడానికి నీళ్ల బక్కెట్లతో కానిస్టేబుళ్లు దిగారు.

"ఎవురి కోసం దాచిపెట్టినావప్పా?" అని ఎస్సై బాలసుబ్రహ్మణ్యాన్ని నిలదీశాడు.

"అయ్యో సార్, నేను యూరియా అమ్ముకునేటోన్ని!"

"యూరియా కూడా ఉండాదా?" అంటూ ఎస్సై రెండడుగులు వెనక్కి వేశాడు.

సంగతి తెలిసి ఉదయశ్రీ, ప్రమీలమ్మ ఆటోలో వచ్చిపడ్డారు. అప్పటికే ఒక కానిస్టేబులు డబ్బా కిందికి బక్కెట్టు చేర్చాడు. ఉదయశ్రీ అతన్ని తోసుకుపోయి డబ్బాను లాక్కుని గుండెకు హత్తుకుంది.

"తడిస్తే రెండేండ్ల కష్టం పోతాది! పేలేదైతే నా చేతుల్లోనే పేలనీండి!"

జనమంతా నేలమీద బోర్లా పడ్డారు. ప్రమీలమ్మ మాత్రం కొంగు నడుముకు దోపి ఆ పిల్ల పక్కనే నిలబడింది. ఉదయశ్రీ మూత తీసింది.

"అంకెలుండాయి సార్! ముప్పైయెనిమిది! ఇంక ముప్పైయెనిమిది నిమిషాలే!" అని అరిచాడు కానిస్టేబులు.

అంకె ముప్పైతొమ్మిదయింది. తర్వాత నలభై.

"ఎక్కువైతాండాది సార్... బాంబైతే తగ్గాల గదా?"

"ఇది ఎండ సార్," అంది ఉదయశ్రీ. "పొద లోపల ముప్పైయెనిమిది. ఆ మిషను నిలబడిన బోడినేల మీద మీరే పెట్టి చూడండి."

ఎస్సై పెట్టి చూశాడు. నలభైయారు. ఆయన టోపీ తీసి చెమట తుడుచుకుంటుంటే పొదలోంచి ఒక కౌజుపిట్ట, పిల్లలను వెంటేసుకుని ఆయన బూట్ల ముందునుంచి దర్జాగా నడిచిపోయింది.

"మరి ఈ మిషనెందుకొచ్చినట్టు?" ఎస్సై బాలసుబ్రహ్మణ్యం వైపు తిరిగాడు. "ఊరంతా హడలగొట్టి, ఈ పాప పని చెడగొట్టేదానికా?"

"లేదు సార్!" బాలసుబ్రహ్మణ్యం చేతులు జోడించాడు. "కంచెకు గుంతలు తీసేదానికి పిలిపించినా. ఈ బీడు పదేండ్లు పాప చదువుకే ఇచ్చేసినాము!"

"ఇరవై," అంది ప్రమీలమ్మ.

ఆయన భార్యను చూశాడు, ఎస్సైను చూశాడు. "ఇరవై సార్," అన్నాడు.

ఆ రోజు సాయంత్రం దాకా బాలసుబ్రహ్మణ్యం ఎండలో నిలబడి కంచెకు గుంతలు తీయించాడు.