మూడూళ్ల యూనివర్సిటీ

కురబలకోట బీడులో దేశం నివ్వెరపోయే యూనివర్సిటీ ఒకటి వెలిసిందని 1946 వేసవిలో ముద్దుకృష్ణ గారు ప్రకటించారు. అప్పటికి అక్కడ వెలిసినవి ఒక వేదిక, ఒక మైకు, చుట్టూ ముళ్లకంచె. ముద్దుకృష్ణ గారు ముందు ప్రారంభించి, ఆ తర్వాత తీరిగ్గా ఆలోచించే కార్యశూరులు. అలాంటి నాయకుడు దొరకడం మదనపల్లె చేసుకున్న పుణ్యం.

కంచె మాత్రం గట్టిదేనని అందరికంటే ముందు నంజప్పకు తెలిసింది. తాతల నాటి నుంచీ వాళ్ల గొర్రెలు మేసేది ఆ బీడులోనే. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి, చుట్టుపక్కల వేరే మేత లేదు. కంచె తియ్యకపోతే మందను పలమనేరు సంతలో అయినకాడికి అమ్ముకోవాలి. ఆ తర్వాత ఏం తిని బతకాలో తెలియక వాడు నేరుగా వేదిక దగ్గరికే పోయాడు.

"అయ్యా, మా జీవాలు యాడ మేసేది?"

"సదువు కన్నా మంచి మేత యాముండాదప్పా నంజప్పా?" అన్నారు ముద్దుకృష్ణ గారు.

జనం చప్పట్లు కొట్టారు. మొహమాటానికి నంజప్ప కూడా కొట్టాడు. గొర్రెలు కొట్టలేదు.

యూనివర్సిటీ చూస్తుండగానే పెరిగింది. మాకేమీ లేదా అని పుంగనూరు వాళ్లు అలిగితే హాస్టలు వాళ్లకిచ్చేశారు. కుప్పం వాళ్లు అలిగితే పరీక్షల హాలు వాళ్లకిచ్చారు. విద్యార్థి పుంగనూరులో నిద్ర లేచి, బొగ్గుతో నడిచే బస్సెక్కి కురబలకోటలో పాఠం విని, కుప్పం పోయి పరీక్ష రాయాలి. "మూడూళ్లు కలిస్తే మహానగరం, కాబట్టి మనది మెట్రోపాలిటన్ యూనివర్సిటీ" అని ముద్దుకృష్ణ గారు తేల్చేశారు. రైసుమిల్లు నడిపిన అనుభవం ఉంది గనక బావమరిది రెడ్డెప్ప వైస్ ఛాన్సలర్ అయ్యారు. స్పోర్ట్స్ డే ఘనంగా జరిగింది. ప్రొఫెసర్లే పరుగెత్తి, ప్రొఫెసర్లే కప్పులు పట్టుకుపోయారు. విద్యార్థులు చేరడం ఒక్కటే మిగిలింది.

ఇంతలో మద్రాసు నుంచి స్పెషల్ ఆఫీసరు ఇన్‌స్పెక్షన్‌కు వస్తున్నట్టు కబురొచ్చింది. క్యాంపస్ పచ్చగా కనబడాలని ముద్దుకృష్ణ గారు నంజప్పను పిలిపించారు.

"రాత్రిపూట నీ మందను లోపల నిలుపప్పా. ఎరువు పడితే గడ్డి ఏపుగా వస్తాది. మేపగూడదు, నిలపాల అంతే."

మామూలుగా చేనులో మంద నిలిపితే చేను గలాయన కాపరికి కూడు పెట్టాలి. నంజప్ప ఆ మాటే ఎత్తలేదు. బీడులోకి మళ్లీ అడుగు పెట్టనిస్తే చాలనుకున్నాడు. మేపనని మాట కూడా ఇచ్చాడు. గొర్రెలు ఇవ్వలేదు. ఇన్‌స్పెక్షన్ నాటికి క్యాంపస్‌లో మచ్చుకైనా గడ్డిపోచ లేదు.

ఆఫీసరు గారు కుప్పంలో రైలు దిగి పరీక్షల హాలు చూశారు. ఖాళీ. "రాసేసి పుంగనూరు పోయినారు సార్" అన్నారు ముద్దుకృష్ణ గారు. పుంగనూరు హాస్టలూ ఖాళీ. "క్లాసులకు పోయినారు సార్." కురబలకోటలో కారు దిగితే అక్కడా నరపురుగు లేదు.

"ఇప్పుడే పరీక్షలకని కుప్పం పోయిరి సార్!"

నంజప్ప కంచె బయట నిలబడి అంతా చూశాడు. ఈ దెబ్బతో యూనివర్సిటీ రద్దయిపోతుందని వాడి గుండె తేలికపడింది. ముద్దుకృష్ణ గారి మొహం మాత్రం పాలిపోయింది. ఆఫీసరు గారు వంగి నేలను పరీక్షగా చూశారు.

"వండర్‌ఫుల్! గడ్డిపోచ మిగల్లేదు. ఎంతమంది తిరిగితే నేల ఇలా అరిగిపోతుందండీ! సరే గానీ, ఈ నల్లటి గింజలేమిటి?"

"ఏంచిన అలసందలు సార్. మా పిల్లకాయలు జేబుల్లో పోసుకొని తింటా తిరుగుతారు."

"ఆరోగ్యకరమైన అలవాటు" అని ఆఫీసరు గారు మెచ్చుకున్నారు.

నెల తిరక్కుండానే ఆర్డరు వచ్చింది. ఇంత రద్దీకి ఉన్న స్థలం చాలదట, క్యాంపస్‌ను వెంటనే విస్తరించాలట.

ముద్దుకృష్ణ గారు సర్వేయర్‌నూ పూలదండనూ వెంటబెట్టుకుని నంజప్ప ఇంటికే వచ్చారు. దండ వాడి మెడలో వేసి కళ్లు తుడుచుకున్నారు.

"నీ జీవాలు లేకుంటే ఈ యూనివర్సిటీ యాడుండునప్పా!"

నంజప్పకు ఆశ పుట్టింది. "అట్లయితే కంచె తీస్తారా సామీ?"

"తీయకుండా ఎట్లా? మీ ఇంటికి ఆ పక్కకు జరపాల గదా."

సర్వేయరు కొలత గొలుసు ఒక కొన నంజప్ప చేతికిచ్చాడు. అంతమంది చూస్తుంటే కాదనలేక వాడు పట్టుకున్నాడు. రెండో కొన గడప దాటి, పొయ్యి పక్కగా దొడ్డి దాకా పోయింది.

వాడి పెండ్లాం రామాంజినమ్మ సంగటి కెలుకుతున్నదల్లా లేచి నిలబడింది. "మా ఇంట్లో యాం కొలస్తాండారప్పా? యాల కొలస్తాండారు?" అని అరిచింది.

సర్వేయరు చేతిలోని ప్లాను తిప్పి చూశాడు.

"ఇది లైబ్రరీ అమ్మా. ఈడ గట్టిగా మాట్లాడగూడదు."