జాతి లేని బడి

"ఇకమీదట మన పిల్లలు జాతి వివక్ష చరిత్రను పాఠ్యపుస్తకాల్లో కాదు, ఆనాటి అసలు కాగితాల్లోనే చదువుతారు" అని విద్యామంత్రిగారు ప్రకటించారు. ఆ ముక్క కూడా ఆయన కాగితం చూసే చదివారు కాబట్టి, చిత్తశుద్ధిని శంకించే వీల్లేదు.

అందరికంటే సంబరపడింది ఓ ఊరి బడిలో చరిత్ర చెప్పే టీచరమ్మ. ఇరవై రెండేళ్లుగా ఆమె మొత్తుకుంటున్నది అదే. మున్సిపల్ ఆఫీసు అటక మీద మూడు రోజులు దుమ్ము మింగి, ఊరి ఈతకొలను పాత నిబంధనల కాగితం సంపాదించి తరగతి ముందు పెట్టింది. 'నల్లవారికి మంగళవారం మాత్రమే ప్రవేశం. ఆ సాయంత్రమే నీళ్లు మార్చవలెను.' కింద, నీళ్లు మార్చే పనివాళ్ల పేర్లు. అందరూ నల్లవాళ్లే.

"మరి కొత్త నీళ్లు పట్టింది కూడా వాళ్లేగా టీచర్?" అంది వెనకబెంచీ అమ్మాయి. లేచి ముందుకొచ్చి మూడో పేరు మీద వేలు పెట్టింది. "ఈయన మా ముత్తాత."

ఆ రోజు గంట కొట్టినా తొమ్మిదో తరగతి లేవలేదు.

నాలుగో రోజున తనిఖీ అధికారి దిగారు. కాగితం రెండుసార్లు చదివారు.

"ఇందులో ఒకవైపు వాదనే ఉందమ్మా. రెండోవైపు వాళ్లు ఏమంటారో?"

"రాసింది రెండోవైపు వాళ్లే సార్."

ఆయన నిష్పాక్షికత గట్టిది, చెక్కు చెదరలేదు. సంచిలోంచి ఫారం తీశారు. పథకం వల్ల లబ్ధి పొందిన విద్యార్థుల సంఖ్య, జాతుల వారీగా.

"ఎవరిది ఏ జాతో నాకెలా తెలుస్తుంది సార్?"

"మొహం చూసి రాయండి. అంత కష్టమా?"

"అయితే మీతోనే మొదలుపెడదాం. మిమ్మల్ని ఏ గడిలో వెయ్యమంటారు?"

అధికారి అరచెయ్యి చూసుకున్నారు. తిప్పి వెనకవైపు చూసుకున్నారు. కిటికీ దగ్గరికి వెళ్లి మళ్లీ చూసుకున్నారు. "లంచ్ తర్వాత వస్తా" అని కారెక్కారు. రాలేదు.

టీచరమ్మ గడులు ఖాళీగా వదిలేసి, సంతకం పెట్టి పంపింది. పాఠం ఎక్కడ ఆపేస్తారోనని వారం రోజులు బిక్కుబిక్కుమంటూ గడిపింది.

ఆపడానికి సాక్షాత్తూ మంత్రిగారే వచ్చారు, కెమెరాలతో సహా. ఖాళీ గడులను శాఖ క్షుణ్ణంగా అధ్యయనం చేసిందట. 'జాతి అన్నదే లేని తొలి పాఠశాల' అని చెక్కిన ఇత్తడి ఫలకాన్ని గోడకు బిగించారు.

"పాఠం కొనసాగించవచ్చా సార్?" అంది టీచరమ్మ.

"లేని జబ్బుకు మందెందుకమ్మా?" అన్నారు మంత్రిగారు ఆప్యాయంగా.

తర్వాత గ్రూప్ ఫొటో. బాగా పడాలని మంత్రిగారి కార్యదర్శి పిల్లల వరుసను ఒకసారి కలియజూసి, నల్లవాళ్లను నలుగురిని ఏరి మంత్రిగారికి అటు ఇద్దరిని, ఇటు ఇద్దరిని నిలబెట్టాడు. ఏరడానికి అతనికి అర నిమిషం కూడా పట్టలేదు.