బియ్యం డబ్బా మీద చైనీస్ చీటీ

ఆత్మకూరు పిల్లలందరికీ చైనీస్ నేర్పాలి. అదీ వెంటనే! కాదన్నవాళ్లు ఊరి అభివృద్ధికి అడ్డమని నా నిశ్చితాభిప్రాయం.

మా పాప కరుణశ్రీ రెండో తరగతి. ఫోన్‌లో యాప్ పెట్టించాను. చిన్నపిల్లలకు రెండో భాష నేర్పే పద్ధతి అందులో ఉంది. రోజూ ఇరవై నిమిషాలు. పెద్దవాళ్లెవరైనా పక్కన కూర్చోవాలి. తప్పు పలికితే కసరకూడదు. ఇంట్లో వస్తువులకు పేర్లు రాసి అంటించాలి.

అంటించాను. బియ్యం డబ్బాకు, బీరువాకు, ఉప్పుకు, చక్కెరకు. మూడు రోజులు టీలో ఉప్పు పడింది. పిల్ల భవిష్యత్తు కోసం ఆ మాత్రం తాగలేమా?

"చైనావాళ్లు ఆత్మకూరుకు దేనికొస్తారు సార్?" అన్నాడు ఎదురింటి మాలకొండయ్య. రారని ఆయనకెవరు చెప్పారు? రేపు ఒక చైనా వ్యాపారి కారు బద్వేలు రోడ్డు మీద పంక్చరైతే, షాపు ఎక్కడో చెప్పే మనిషి ఒకరుండొద్దూ!

ఆరు నెలల్లో పాప నూట ఇరవై అక్షరాలు నేర్చింది. నాకొచ్చినవి నాలుగు. అందులో రెండు తలకిందులుగా రాస్తున్నానని పాపే చెప్పింది.

అప్పుడు ఉదయగిరి నుంచి మా అమ్మ మస్తానమ్మ వచ్చింది. కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. నెల రోజులు పుస్తకం పట్టొద్దన్నారు. పొద్దున్నే ఒక కీర్తన చదవనిదే ఆమెకు కాఫీ దిగదు. బైబిలు తెచ్చి మనవరాలి చేతిలో పెట్టింది.

"నూటమూడో కీర్తన చదువు మేయ్."

పాప పేజీలు తిప్పింది. "ఇది నాకు రాదవ్వా. చైనీస్‌ది ఉంటే చదువుతా."

"దేవుడికి వచ్చేమో గానీ, నాకు రాదే ఆ భాష!" అని అమ్మ నా వైపు తిరిగింది. నల్లద్దాల వెనక చూపు ఎటుందో కనబడదు. అయినా తెలిసింది.

"నువ్వు పేపర్లో ఏ భాషలో రాస్తా ఉండావురా?"

ఇరవై రెండేళ్లుగా తెలుగులోనే రాస్తున్నాను. పాపను బడిలో చేర్చేటప్పుడు, "తెలుగెందుకండీ, ఇంట్లో అదే వస్తుంది" అన్నదీ నేనే.

మర్నాడే అవ్వ పళ్లెంలో బియ్యం పోసింది. పాప వేలు పట్టుకుని తెలుగు అక్షరాలు దిద్దిస్తోంది. అందుకు ఆమెకు కళ్లతో పనిలేదు. రోజూ ఇరవై నిమిషాలు. పక్కనే కూర్చుంటుంది. తప్పు పలికితే కసరదు. ఆ యాప్ ఆమె ఎన్నడూ చూడలేదు! నేను పాత చీటీలు పీకేసి తెలుగువి అంటించాను. టీ బాగుంటోంది.

నిన్న ఈ వ్యాసం ఇంతవరకూ రాసి బల్ల మీద పెట్టాను. పాప వేలు పెట్టి మొదటి వాక్యం కూడబలుక్కుంది. నాలుగు నిమిషాలు పట్టింది.

"డాడీ, ఇది నిజమా, అబద్ధమా?"

లోపల్నుంచి అమ్మ అందుకుంది.

"మీ నాయన రాసేవి చదవబాక మేయ్. ఇట్రా, కీర్తన తియ్యి."