పుప్పొడి కడిగిన గొర్లు

రాంచందర్ తన భార్య ఫోనుకు అబద్ధం నేర్పించాలని నిశ్చయించుకున్నది ఆమె మీద కోపంతో కాదు, గొర్ల ఆకలి చూడలేక.

నకిరేకల్ దగ్గరి ఊళ్లో అతనికి నలభై గొర్లున్నాయి. భార్య మల్లీశ్వరికి సర్కారు తుమ్మ పూస్తే దమ్ము వస్తుంది, ఊపిరాడదు. అందుకని కూతురు దీప్తి తల్లి ఫోనులో ఒక యాప్ పెట్టిపోయింది. గాలిలో పుప్పొడి ఎంతుందో అది పొద్దున్నే చెబుతుంది. దాని కిందనే పిడుగుల ప్రమాదం ఎంతుందో కూడా చెబుతుంది. దీప్తి పెట్టింది మొదటి సంగతి కోసం. మల్లీశ్వరి చదివింది రెండవది.

రెండేళ్ల కింద, ఎండకాలంలో, గొర్ల వెంట పోయిన కొడుకు దివాకర్ మీద పిడుగు పడింది. సాయంత్రం నాలుగింటికి.

అప్పటి నుంచి ఫోను ప్రమాదమన్న రోజున మల్లీశ్వరి దొడ్డి తడక తెరవనివ్వదు. వైశాఖంలో ఫోను ఆ మాట అనని రోజు తక్కువ. గొర్లు ఎండుచొప్ప ముందు నిలబడి, మర్యాద తక్కువైన అల్లుళ్లలాగా మొహాలు తిప్పుకునేవి.

రాంచందర్ ఆమె ఫోను పట్టుకుని ఫోన్ల దుకాణం కమలాకర్ దగ్గరికి పోయి, యాప్‌లో తమ ఊరికి బదులు వాన మొహం చూడని ఊరేదన్నా పెట్టమన్నాడు. కమలాకర్ రాజస్థాన్ ఎడారిలో ఒక ఊరు వెతికి పెట్టాడు.

మరునాడు ఫోను పిడుగులు లేవన్నది. రాంచందర్ ఉత్సాహంగా గొంగడి భుజాన వేసుకున్నాడు. కానీ ఎడారి గాలి సంగతి అతను ఆలోచించలేదు.

"పిడుగులు లేవు గానీ పుప్పొడి శానా ఎక్కువున్నదట," అన్నది మల్లీశ్వరి. "గొర్ల ఉన్నికి పట్టుకొస్తది. కడగనిదే ఒక్కటి గూడ వాకిట్లకు రావద్దు."

"నలభైంటినా?"

"నిన్ను గూడ. నలభై ఒకటి."

అక్కడి నుంచి ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. తడి ఉన్నితో పొద్దుగూకితే గొర్లు దగ్గుతాయి. కాబట్టి ఎండ ఉండగానే కడగాలి. నలభైంటిని కడగడానికి మూడు గంటలు పడుతుంది. కాబట్టి ఒంటిగంటకే ఇల్లు చేరాలి. రాంచందర్ రోజూ బోరు పైపు పట్టుకుని తన తెలివిని తానే తిట్టుకునేవాడు. పెళ్లిచూపులెప్పుడని ఊళ్లోవాళ్లు గొర్లను అడిగేవారు. ఒక పొట్టేలయితే సబ్బు రుచి మరిగి, వరుస తప్పించి ముందుకొచ్చేది.

పన్నెండవ రోజు కూడా ఫోను ఆకాశం నిర్మలమన్నది. మూడు దాటాక దక్షిణాన మబ్బు లేచింది. రాంచందర్ ముప్పై మూడవ గొర్రెను తోముతుండగా, అతను రోజూ మేపే బీడు మీద పిడుగు పడింది. నేల అదిరింది. పైపు చేతి నుంచి జారింది.

మల్లీశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గడపలో నిలబడి ఉన్నది. అతను పోయి ఆమె ముందు కూర్చున్నాడు.

"ఫోను అబద్ధం చెప్పింది. నేనే చెప్పించిన."

"ఎరుకే. ఊరి పేరు పైననే రాసున్నది. మొదటి దినమే చదివిన."

"మరెందుకు ఆపలే?"

"ఆపితే ఇంకో తొవ్వ ఎతుకుతవ్, దీప్తి బాపూ. గొర్లను కడగమంటే ఒంటిగంటకే ఇంటికొస్తవ్."

పన్నెండు రోజుల నడుము నొప్పికి కారణం అతనికి అప్పుడు తెలిసింది. నవ్వబోయాడు. నవ్వుకు బదులు, రెండేళ్లుగా దాచిన మాట బయటికొచ్చింది.

"ఆ దినం నాకు జెరమొచ్చిందని చెప్పి వాన్ని పంపిన. జెరం లేదు, మల్లీశ్వరీ. జర పండుకోవాలనిపించింది."

ఆమె నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసింది.

"జెరం లేదని ఎరుకే. నీ నొసటి మీద చెయ్యి పెట్టి చూసిన గద," అన్నది. "చూసినంకనే వానికి సద్ది కట్టిచ్చిన."

వాన మొదలైంది. ఇద్దరూ గొర్లను కొట్టంలోకి తోలి, మిగిలిన ఏడింటినీ చూరు నీళ్లతో ఒక్కొక్కటిగా కడిగారు. వాటి మీద పుప్పొడి లేదు.