ఒసాకాలో ఊదారంగు టోపీ

“ప్రపంచంలో డిటెక్టివ్‌లు రెండే రకాలు. ఒకటి నేను, రెండు మిగిలినోళ్ళు,” అన్నాడు తిరుపతయ్య, ఒసాకా కోట ముందు నడుం మీద చేతులు పెట్టుకుని.

తిరుపతయ్యా నేనూ సియాటిల్ పక్కన రెడ్‌మండ్‌లో ఒకే టీమ్‌లో పనిచేస్తాం. ఆఫీస్ ఫ్రిజ్‌లో మాయమైన పెరుగన్నం కేసును ఛేదించిన ఘనుడు వాడు. తిన్నది తనేనని తేలింది. హైదరాబాద్‌లో వీసా స్టాంపింగ్ ముగించుకుని తిరిగి వెళ్తూ వాడు, నేను, నా భార్య సుధ ఒసాకాలో ఒక రోజు ఆగాం. మర్నాడే సియాటిల్ ఫ్లైట్.

పాస్‌పోర్ట్ చూపిస్తే టాక్స్ వెయ్యరని తెలిసి, కోట దగ్గరి దుకాణంలో వాడొక భూతద్దం కొన్నాడు. దాంతో కోటగోడను క్షుణ్ణంగా పరీక్షించి, “వేలిముద్రలు చెరిపేసిండ్రు,” అని తేల్చాడు. నాలుగు వందల ఏళ్ళ గోడ అది.

అక్కణ్ణించి కురోమోన్ మార్కెట్‌కి వెళ్ళాం. బొగ్గుల మీద కాలుతున్న రొయ్యల్ని సుధ ఆశగా చూస్తుంటే, వాడు హైదరాబాద్ నుంచి తెచ్చిన మురుకులు కరకరలాడించాడు. ఖాళీ ప్యాకెట్‌ను భూతద్దం కవర్లో కుక్కాడు. ఎంత తిరిగినా చెత్తబుట్ట కనబడలేదు. ఆ ఊళ్ళో ఎవరి చెత్త వాళ్ళే ఇంటికి మోసుకెళ్తారు. వీడు అటూ ఇటూ చూసి, ఒక కొట్టు ముందున్న స్టూల్ మీద కవర్ పెట్టి చల్లగా జారుకున్నాడు.

సుధ రొయ్యలు ఆర్డర్ చేయబోతుండగా వాడు జేబులు తడుముకుని తెల్లమొహం వేశాడు. “రఘువీర్, నా పాస్‌పోర్ట్ పోయిందిరా.”

కొత్త స్టాంప్ అందులోనే ఉంది. అది లేకపోతే వాడు ఫ్లైట్ ఎక్కలేడు, సోమవారం ఆఫీస్‌కి రాలేడు. వాడి పనంతా నా నెత్తిన పడుతుంది.

“పోలీసుల దగ్గరికి వెళ్దాం అన్నయ్యా,” అంది సుధ.

“డిటెక్టివ్ పోయి పోలీసోళ్ళను అడుగుతడా? ఇజ్జత్ ఏముంటదమ్మా? దొంగ ఎవరో నాకు తెలిసిపోయింది. వెనక్కి చూడకుండ్రి. ఊదారంగు టోపీ.”

వెంటనే వెనక్కి చూశాం. ఊదారంగు టోపీ పెట్టుకున్న ఒక ముసలావిడ గబగబా మావైపే వస్తోంది. “సుమిమాసేన్, సుమిమాసేన్” అంటూ, ‘ఏమండీ’ అని పిలుస్తున్నట్టు చెయ్యి ఊపుతోంది.

“అది గ్యాంగ్ కోడ్. ఉరుకుండ్రి,” అన్నాడు తిరుపతయ్య.

“దొంగైతే పట్టుకోవాలి కదరా, పారిపోవడం దేనికి?”

“పాస్‌పోర్ట్ దొరికింది, ఇగ మనిషి కావాలె ఆమెకు. నన్ను ఎత్తుకపోతది.”

“మిమ్మల్ని ఎత్తుకెళ్ళి ఏం చేసుకుంటుంది అన్నయ్యా?” అని సుధ అడిగింది గానీ, పరుగు మాత్రం తప్పలేదు. దోతొంబొరి కాలువ ఒడ్డున సుధ చేతికి అందిన ఆక్టోపస్ ఉండల ప్లేటు అక్కడే ఉండిపోయింది. ఆ పక్క వీధిలో నూడుల్స్ వాసన మాత్రం పీల్చాం. ఎక్కడ ఆగినా ఊదారంగు టోపీ ప్రత్యక్షం. నా డొక్క మాడిపోతోంది. సుధ నాతో మాట్లాడటం మానేసింది.

చివరికి వాడు ఒక హోటల్ గుమ్మానికి వేలాడుతున్న తెర వెనక దాక్కున్నాడు. శత్రువు ఎంత దూరంలో ఉందో చూద్దామని భూతద్దం కంటికి పెట్టుకున్నాడు. అంతా మసకమసకగా కనబడేసరికి వెనక్కి, ఇంకా వెనక్కి అడుగులేసి, పక్కసందులోంచి వస్తున్న ముసలావిడను ఢీకొన్నాడు.

తప్పంతా తనదే అయినట్టు ఆవిడ వంగి దండం పెట్టింది. ఆయాసపడుతూనే రెండు చేతులా ఒక కవర్ అందించింది. అందులో నీటుగా మడతపెట్టిన మురుకుల ప్యాకెట్ ఉంది. దాని కింద బిల్లు, బిల్లు కింద పాస్‌పోర్ట్.

“చూసినవా? పాస్‌పోర్ట్ ఆమె దగ్గరే ఉందని నేను ముందే చెప్పలే?” అన్నాడు తిరుపతయ్య.

“అన్నయ్యా, నోరు మూసుకుని దండం పెట్టండి,” అంది సుధ.

వాడు వంగాడు. ఆవిడ ఇంకా వంగింది. ఈ పోటీ తెగేలా లేదని సుధ ఆవిడ చెయ్యి పట్టుకుని అదే హోటల్లోకి లాక్కెళ్ళింది. పెనం మీద దిబ్బరొట్టెలా కాల్చిన క్యాబేజీ అట్లు తెప్పించింది. పొద్దుట్నుంచి నాకు దక్కిన మొదటి ముద్ద అది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముసలావిడ నా ప్లేట్లో ఇంకో ముక్క వేసింది.

ఆవిడను సాగనంపి మేమూ బయల్దేరాం. వీధి మలుపు కూడా తిరగలేదు, తిరుపతయ్య నా మోచెయ్యి గిల్లాడు.

“రఘువీర్, వెనక్కి చూడకు. ఇప్పుడు హోటలోడు ఉరికొస్తుండు.”

వాడి చేతులు చూశాను. ఖాళీగా ఉన్నాయి.

“మురుకుల ప్యాకెట్ ఏదిరా?”

“కుర్చీ కింద పెట్టిన,” అన్నాడు వాడు, పరుగు అందుకుంటూ.