యూనుస్ సారు గ్రాఫు అట్ట

అర్థం చేసుకోవడమే విద్యార్థికి అసలైన శత్రువని నేను ఎప్పటినుంచో మొత్తుకుంటున్నాను. పరావలయాన్నే తీసుకోండి! పట్టిక వేసి, బిందువులు గుర్తించి, వాటిని ఒంపుగా కలిపి... ఇంత ఖర్మ ఎందుకు?

జమ్మలమడుగులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పే యూనుస్ సారు ఈ బాధను ఒక్క అట్టముక్కతో తీర్చేశారు. గిన్నె ఆకారంలో కోసిన, అంచులరిగిన అట్ట అది. గ్రాఫు కాగితం మీద పెట్టి దాని వెంబడి పెన్సిల్ తిప్పితే పరావలయం తయారు! y = x² − 2x − 3 అనే ఒకే లెక్కను, అట్ట లేకున్నా చెయ్యి దానంతటదే గీసేదాకా, పిల్లలు ఆర్నెల్లు గీశారు. దిద్దడమూ సుఖమే. పేపరు మీద అదే అట్ట పెడతారు. సరిపోతే ఎనిమిది మార్కులు, లేకపోతే సున్నా. ఇంతకంటే నిష్పక్షపాతమైన న్యాయం ఎక్కడైనా ఉందా?

ఇంత చక్కటి ఏర్పాటును పాడుచేసింది చందన. పెద్దముడియం నుంచి బస్సులో వచ్చే ఈ పదో తరగతి పిల్లకు 'ఎందుకు' అని అడిగే జబ్బుంది. ప్రీఫైనల్ పేపరు ప్రొద్దుటూరు బ్రాంచి నుంచి వచ్చింది. అక్కడెవరో పనిలేనివాళ్లు గుర్తులు మార్చి y = 3 + 2x − x² అని ఇచ్చారు. క్లాసంతా బుద్ధిగా పాత గిన్నెనే గీసింది. చందన మాత్రం xకు ఒక్కో విలువా ఇచ్చి చూసుకుంది. x² ముందు మైనస్ ఉంటే కొసలు కిందికే పోతాయని తేలింది. వచ్చింది వచ్చినట్టే గీసింది.

సున్నా పడింది! ఆ ఎనిమిది మార్కులు లేక చందన ఫెయిల్. ఫెయిలైతే అమ్మానాన్నల్లో ఒకరు వచ్చి సంతకం పెట్టాలి. వాళ్లమ్మ వెంకటసుబ్బమ్మ శనగ కోత వదులుకుని రావాలి. కూలి పోతే పోనీ, తప్పు చేయని పిల్ల అమ్మ ముందు తల దించుకోవాలా? ఆ ఉక్రోషంతోనే చందన స్టాఫ్‌రూముకు వెళ్లింది.

"ఏందమ్మా ఇది? నీ గిన్నె బోర్లా పడింది గదా!" అన్నారు సారు.

"లెక్కలో అట్లే వస్తాంది సార్. మీ అట్టను ఒకసారి తలకిందులు పెట్టి సూడండి."

సారు పెట్టారు. వెంట్రుకంత తేడా కూడా లేదు.

చూశారా పాఠకులారా, అర్థం చేసుకోవడం ఎంత ప్రమాదమో! చందనకు ఎనిమిది మార్కులొచ్చాయి, మిగతా క్లాసంతటికీ ఎనిమిదేసి పోయాయి. సారు మాత్రం ఆ అట్టను అటూ ఇటూ తిప్పి తిప్పి చూశారు.

"ఇది నేను పదో తరగతిలో వాడిన అట్టమ్మా," అన్నారు చివరికి. "తిప్పొచ్చని మా సారు మాకు యాడ చెప్పినాడు?"