బావగారి గేట్‌వే

"ఈ భవనం ఈ క్షణం నుంచి సంపూర్ణ డిజిటల్ భవనం!"

మా బావగారు మెట్ల మలుపులో నిలబడి ఈ ప్రకటన చేశారు. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో పళ్ళు కుట్టుకునే పుల్ల. విన్నది మేము నలుగురైదుగురమే అయినా, ఆయన చూపు మాత్రం మా తలల మీదుగా ఎక్కడో కనపడని మహాసభ మీద ఉంది.

బావగారంటే మా ఆవిడకి స్వయానా అన్నగారు. ఏదో శాఖలో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. అది ఏ శాఖో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయనకీ పూర్తిగా తెలిసినట్టు లేదు. ఫైళ్ళు వచ్చేవి, సంతకం పెట్టేవారు, అవి వెళ్ళిపోయేవి! నేను చిన్నప్పుడే బడి మానేసి సూది పట్టుకున్నవాణ్ణి కనక నాకు బుర్ర లేదని ఆయన నమ్మకం. తను చివరిదాకా చదివారు కనక తనకి ఉందని ఇంకో నమ్మకం. ఈ రెండో నమ్మకానికి ఆధారాలు ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

భవనం ఆయనది. కింద వీధి వైపు గదిలో నా టైలర్ షాపు. మా పెళ్ళైన కొత్తలో ఇచ్చారు ఆ గది. ఇప్పుడు దాని మీద ఓ పార్సిళ్ళ కంపెనీ కన్ను పడింది. వీధిలో జనం వచ్చి పార్సిళ్ళు తీసుకెళ్ళే కేంద్రం పెడతారట. అద్దాల తలుపు పెడతారట. తలుపు దానంతటదే తెరుచుకుంటుందట! కుట్టు మిషను ఎదురుగా ముప్పై ఏళ్ళు వంగి కూర్చున్నవాడు లేచి తలుపు తెరవడం అనాగరికం కదా.

"ఇందులో వ్యక్తిగతం ఏమీ లేదోయ్ బావా," అన్నారు బావగారు నాతో. "భవనం స్థాయి పెరుగుతోంది. దానికి అనుగుణంగా నువ్వు కదలాలి."

"ఎక్కడికి కదలమంటారు?"

"అది నా పరిధిలోకి రాదు."

నా ఖాతాదారులంతా ఈ వీధివాళ్ళే. ప్యాంటు కింద మడత వేయించుకోవడానికి, జిప్పు మార్పించుకోవడానికి ఎవరూ రెండు బస్సులు మారి రారు. ఈ గది పోతే నా మిషను ఇంట్లో మంచం పక్కన పెట్టుకుని దుమ్ము తుడుచుకోవడమే. మా ఆవిడ ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, "మా అన్నయ్య మనసు మంచిదేనండీ, మాటే అలా ఉంటుంది," అంది. ఆ మనసుని నేను ఇంతవరకూ చూడలేదు. చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే కొలతలు చెప్పండి, చొక్కా కుట్టిపెడతాను.

అద్దెకున్నవాళ్ళు కూడా బావగారి పక్షమే. రెండో అంతస్తు లెక్చరర్‌గారు నా మిషను చప్పుడుకి తన మేధస్సు దెబ్బతింటోందన్నారు. మూడో అంతస్తావిడ ఆ చప్పుడుకి తన చంటిపిల్ల ఉలిక్కిపడుతోందంది. ఇద్దరూ బట్టలు నా దగ్గరే కుట్టించుకున్నారు. ఆ చప్పుడు లేకుండా ఎలా కుట్టాననుకున్నారో!

పార్సిళ్ళ కంపెనీ ఒక షరతు పెట్టింది. కేంద్రంలో మిషన్లన్నీ నెట్ మీద నడుస్తాయి కనక భవనంలో నమ్మకమైన లైను ఉండాలి. బావగారికి అంతకన్నా ఏం కావాలి? అద్దెకిచ్చేటప్పుడే "నెట్ సౌకర్యంతో సహా" అని చెప్పి ఆ మేరకు అద్దె పెంచిన మనిషి! ఆయన హాల్లో టీవీ పక్కన ఓ నల్లటి పెట్టె ఉంది. దానికి కొమ్ముల్లా ఆరు యాంటెన్నాలు. వచ్చినవాళ్ళకి మొదట దాన్ని చూపించి, తరవాత మనవణ్ణి చూపిస్తారు.

తనిఖీకి కంపెనీ ఇంజనీరమ్మాయి వచ్చిన రోజు బావగారు అందరినీ హాల్లోకి పిలిపించారు. నన్ను కూడా. ఇస్త్రీ బట్టలు వేసుకు రమ్మన్నారు.

"వీరు లెక్చరర్‌గారు, వీరు మూడో అంతస్తు మేడంగారు," అని పరిచయం చేసి, నా దగ్గరకొచ్చేసరికి, "ఇతను కింద గది ప్రస్తుత ఆక్రమణదారు," అన్నారు. మా ఆవిడ కొంగు చివర మెలిపెట్టుకుంటూ నేల చూసింది.

ఆ అమ్మాయి మర్యాదగా నాకు నమస్కారం పెట్టి, పనిలోకి దిగింది. "సార్, మా మిషను కలపాలంటే మీ రౌటర్ చిరునామా, గేట్‌వే చిరునామా కావాలి."

బావగారు ఈ ప్రశ్న కోసమే పుట్టినట్టు లేచారు. ఫోను తెరని టీవీ మీద పడేలా పెట్టారు. వైఫై పేరు మీద వేలు నొక్కారు. వివరాలు అందరికీ కనపడేలా పరుచుకున్నాయి.

"రాసుకోమ్మా. నూట తొంభై రెండు చుక్క, నూట అరవై ఎనిమిది చుక్క, సున్నా చుక్క, ఒకటి!" ఒక్కొక్క చుక్క దగ్గరా ఆగి, సభ వంక చూశారు. లెక్చరర్‌గారు తల పంకించారు. చుక్కల విషయంలో ఆయనకి ఏ అభ్యంతరమూ లేదు.

"ఇది మీ పెట్టె చిరునామా సార్. మీ ఇంట్లో ఫోన్లకి గేట్‌వే ఇదే. మరి ఈ పెట్టెకి గేట్‌వే ఏది?"

"గేట్‌వేకి గేట్‌వే ఏమిటమ్మా! సూపరింటెండెంటు మీద ఇంకో సూపరింటెండెంటు ఉంటాడా?"

"ఎవరో ఒకరు ఉంటారు కదా సార్. మీ ఫోను బయటికి వెళ్ళాలంటే ఈ పెట్టెని అడుగుతుంది. ఈ పెట్టె ఎవర్ని అడుగుతోందో చూద్దాం. ఆ నంబరు బ్రౌజర్‌లో కొట్టండి."

వంటింటి గుమ్మంలోంచి మా ఆవిడ వదినగారు, అంటే బావగారి ఇల్లాలు, తొంగి చూసింది. "ఏవండీ, అమ్మాయి అలిసిపోయి వచ్చింది. ముందు టీ తాగనివ్వండి."

"సాంకేతిక చర్చ జరుగుతుంటే టీ ఏమిటి!"

"అది కాదండీ, ఒక్కసారి ఇలా లోపలికి..."

"నీకు తెలియని విషయాల్లో నువ్వు కలగజేసుకోకు!"

ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. తెలిసినదంతా ఆవిడకే తెలుసు పాపం!

బావగారు నంబరు కొట్టారు. పేజీ తెరుచుకుంది. పెట్టె అడుగున అతికించిన పాస్‌వర్డుని వంగి చదివి, అదీ కొట్టారు. ఆ అమ్మాయి చెప్పినచోట నొక్కారు. 'ఇంటర్నెట్ గేట్‌వే' అని, ఎదురుగా ఇంకో నంబరు వచ్చింది. నూట తొంభై రెండు, నూట అరవై ఎనిమిది వరకూ అదే. ఆ తరవాత ఒకటి, ఒకటి.

"చూశావా! మాకు రెండో గేట్‌వే కూడా ఉంది!" అన్నారు బావగారు ఛాతీ విరిచి.

అమ్మాయి కనుబొమలు ముడిపడ్డాయి. "ఇది కూడా ఇంట్లో వాడే నంబరే సార్. అంటే మీ పెట్టె వెనక ఇంకో పెట్టె ఉంది. మీ పెట్టె దాని దగ్గర నెట్ తీసుకుని మీకు ఇస్తోంది. అదెక్కడుందో?"

"భవనం అన్నాక అనేక పెట్టెలుంటాయి."

"అయితే ఈ నంబరు కూడా కొట్టండి. అసలు లైను దాని దగ్గరే ఉంటుంది."

వంటింట్లో ఏదో గిన్నె కింద పడింది. బావగారు కొట్టారు.

టీవీ నిండా తెల్లటి పేజీ. నడుమ పెద్ద అక్షరాలతో నెట్‌వర్క్ పేరు: 'కింద గది టైలర్ షాపు'. దాని కింద, 'స్వాగతం.'

నాకు నిజంగానే ఏమీ అర్థం కాలేదు. ప్యాంటు మడత వేసేదాకా కూర్చోవాల్సినవాళ్ళు విసుక్కోకుండా ఉంటారని, నెట్ లైను వేయించి ఇస్త్రీ బల్ల మీద ఓ చిన్న తెల్లపెట్టె పెట్టించుకున్నాను. అది మేడెక్కి వచ్చి బావగారి టీవీలో స్వాగతం చెబుతుందని నేను కలగన్నానా!

మా ఆవిడకి అర్థమైంది. "వదినా! ఒక్క ఎపిసోడ్ చూసుకుంటానని కదా మా షాపు నెట్ పాస్‌వర్డు అడిగావు!"

"నేనేం చెయ్యనమ్మా?" వదినగారు గుమ్మం దాటి వచ్చేసింది. "నెట్ కనెక్షన్ తీయించేసింది ఈయన. 'ఖర్చు తగ్గాలి, సౌకర్యం తగ్గకూడదు, ఏర్పాటు చెయ్యి' అన్నారు. చేశాను!"

అందరూ బావగారి వంక చూశారు. మరొకరైతే తల దించుకునేవారు. ఆయన సూపరింటెండెంటు!

"నాకు సమర్పించిన నివేదికలో ఆ వివరం లేదు," అన్నారు.

ఇంజనీరమ్మాయి ఫోను సంచిలో పెట్టుకుంది. "సార్, మేము ఖాళీ చేయించమంటున్నది ఈ లైను ఉన్న గదినే. టైలర్‌గారు ఆ పెట్టె పట్టుకుని వెళ్ళిపోతే మీ భవనం మొత్తానికి నెట్ ఉండదు. మీరు సొంత లైను వేయించుకున్నాక కబురు చెయ్యండి." టీ తాగకుండానే దిగిపోయింది.

మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు ఇంకా ఆగనేలేదు, లెక్చరర్‌గారిలో పెద్ద మార్పు! "కుట్టు మిషను లయలో ఒక శ్రమ సౌందర్యం ఉందండీ. నేను పాఠం తయారు చేసుకునేది ఆ లయలోనే."

"మా పాపకైతే ఆ చప్పుడు వినపడకపోతే నిద్రే పట్టదు!" అంది మూడో అంతస్తావిడ. "మీరు వెళ్ళిపోతారా ఏమిటి? అలాంటి మాట అనకండి!"

నేను ఏ మాటా అనలేదు.

బావగారు గొంతు సవరించుకున్నారు. "అసలు నా ఉద్దేశం మీరెవరూ గ్రహించలేదు. మనం ఒకరి మీద ఒకరం ఎంతగా ఆధారపడి ఉన్నామో ప్రత్యక్షంగా నిరూపించాలనే ఈ సమావేశం ఏర్పాటు చేశాను. కంపెనీలు వస్తాయి, పోతాయి. సొంత చెల్లెలి భర్తని వీధిలోకి గెంటేస్తానా? నేను మనిషిని కానా? మానవతా దృక్పథంతో కింద గదిని బావకే కొనసాగిస్తున్నాను!"

చప్పట్లు కొట్టారు. మా ఆవిడ కళ్ళు తుడుచుకుని, "చెప్పలేదూ, మా అన్నయ్య మనసు మంచిదని!" అంది. నేనూ చప్పట్లు కొట్టాను. గది నాది కదా మరి!

మర్నాడు పొద్దున్నే బావగారు షాపులోకి వచ్చారు. క్షమాపణ చెబుతారేమోనని, కూర్చోమని కుర్చీ తుడిచి వేశాను. ఆయన కూర్చుని, ఫోను తీసి, తెల్లపెట్టె అడుగు చూసి పాస్‌వర్డు కొట్టుకున్నారు.

"ఈ పేరేమిటోయ్? కింద గది టైలర్ షాపు! భవనానికి ఒక పరువుంది. ఎవరైనా బంధువులొచ్చి మళ్ళీ టీవీలో చూస్తే?"

చెరిపేశారు. దాని స్థానంలో తన ఇంటి పేరుతో 'నిలయం' అని పెట్టుకున్నారు. గది నిలిచింది కదా అని నేను సూదిలో దారం ఎక్కించుకుంటూ ఊరుకున్నాను.

ఆ పూటే, మడత కోసం కూర్చున్న పెద్దమనిషి ఫోనులో నెట్ కలుపుకుని ఆశ్చర్యపోయాడు. "ఇదేమిటి, మేడ మీది దొరగారి పేరు వస్తోంది! ఎంత గొప్ప మనిషండీ! ఇంటి నెట్టుని కింద టైలర్‌కి కూడా ఊరికే వాడుకోనిస్తున్నారన్నమాట!"

బావగారు అప్పుడే గుమ్మంలోకి వచ్చారు. వినయంగా నవ్వారు. "పోనీలెండి, మనవాడే కదా," అన్నారు.

ఆ తరవాత నా మిషను మీదికి వంగి, గొంతు బాగా తగ్గించి, "బిల్లు కట్టావా బావా? పొద్దుట్నుంచి పైన నెట్ సరిగ్గా రావడం లేదు," అన్నారు.